రెండున్నర రాత్రులు

టైలరమ్మ ఆరో కాగితం దాకా ఓపిక పట్టింది. ఏడో కాగితం తిప్పి, దాని అడుగున కూడా అదే రాసి ఉండడం చూశాక ఆ ఉన్న కాస్త ఓపికా అయిపోయింది.

"దీని మీద కూడా రాశారా?" అంది.

లిఫ్టాయన మంచం మీద కూర్చుని బూటు లేసు కట్టుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

మామూలు మనుషులు కాగితం మీద సంతకం పెట్టి ఊరుకుంటారు. ఈయన ఊరుకోడు. ఇరవై రెండేళ్లుగా లిఫ్టులు పరీక్షించే ఉద్యోగం చేస్తున్న మనిషి. నెలకోసారి ఒక్కో భవనానికి వెళ్లి, లిఫ్టు ఎక్కి దిగి, మోటారు చప్పుడు విని, అక్కడి రిజిస్టర్లో సంతకం పెట్టి, దాని కింద 'పరీక్షించాను, బాగుంది' అని రాసి వస్తాడు. ఆ అలవాటు చేతికి ఎంతగా పట్టేసిందంటే, కిందటి ఆదివారానికి ముందు ఆదివారం ఒక హోటల్ హాల్లో విహారయాత్రల పాయింట్ల పథకంలో చేరుతూ, కంపెనీవాళ్లు ముందు పెట్టిన ఏడు కాగితాల మీదా సంతకం పెట్టి, ఏడింటి కిందా 'పరీక్షించాను, బాగుంది' అని రాసి వచ్చాడు.

"వాళ్లు అడగని హామీ కూడా మీరే రాసిచ్చారు. రేపు మనం వెళ్లి మొత్తుకుంటే, మీ ఆయన పరీక్షించే చేరారమ్మా అంటారు. పోనీ, చదివారా?"

"చదివినట్టే."

"చదివినట్టే అంటే?"

రెండో బూటు లేసు మొదలుపెట్టాడు.

ఆవిడకి ఒళ్లు మండేది అక్కడే. ఎదురు తిరిగి నాలుగు మాటలంటే ఏ పోట్లాటైనా ఒక పూటలో తేలిపోతుంది. ఈయన అనడు. గోడకి చెప్పుకున్నా ఇంతకంటే నయం, కనీసం గోడ బూట్లు వేసుకుని బయటికి వెళ్లిపోదు.

నిన్న మధ్యాహ్నం నుంచీ ఇదే తంతు. నిన్న ఆవిడ బ్యాంకుకి వెళ్లింది. పదకొండేళ్లుగా కుట్టుపని చేసుకుంటున్న దుకాణం గదికి పాత ఒప్పందం ముగిసింది. శనివారం లోపు కొత్త అడ్వాన్సు కట్టకపోతే గదిని సెల్‌ఫోన్లు అమ్మేవాడికి ఇచ్చేస్తానని యజమాని నెల ముందే చెప్పాడు. ఆ అడ్వాన్సు కోసం రెండేళ్లు కూడబెట్టింది. తీరా చూస్తే ఖాతా ఊడ్చిపెట్టినట్టు ఉంది. ఇద్దరి పేరా ఉన్న ఖాతా మరి. ఇంటికి వచ్చి అడిగితే, లిఫ్టాయన గోడ వైపు చూశాడు. నోరు విప్పింది అత్తగారు.

"పాయింట్లు కొన్నాడమ్మాయ్. పాతికేళ్ల పాటు ఎక్కడికైనా వెళ్లొచ్చట" అందావిడ, ఇంట్లోకి కొత్త బీరువా వచ్చినంత సంబరంగా.

అత్తగారు అప్పటికే రంగురంగుల పుస్తకంలో తనకి నచ్చిన గది చూసుకుని, ఆ పేజీ మూల మడిచి పెట్టుకుంది. కిటికీలోంచి సముద్రం కనిపించే గది. మోకాళ్లు సహకరించవు కాబట్టి కింది అంతస్తులో అయితేనే వస్తానని షరతు కూడా పెట్టేసింది. ఎదురింటావిడకీ పక్కింటావిడకీ చెప్పేసింది. కంపెనీవాళ్లిచ్చిన నకళ్లు కోడలి కంటబడితే గొడవ చేస్తుందని తన పెట్టెలో దుప్పటి కింద దాచింది. ఈ పొద్దున కోడలు ఆ పెట్టె తీయాల్సి వచ్చింది, దుప్పటి మడతల్లోంచి ఏడు కాగితాలూ జారి కాళ్ల ముందు పడ్డాయి.

నాలుగో కాగితంలో, సూదికి దారం ఎక్కించేటప్పుడు పెట్టుకునే కళ్లద్దాలు పెట్టుకుంటే తప్ప కనిపించని అక్షరాల్లో, ఒక మంచిమాట ఉంది. చేరిన రోజుతో కలిపి పది రోజుల్లోపు స్వయంగా వచ్చి రాసిస్తే సభ్యత్వం రద్దు చేసి, కట్టిందంతా మూడు రోజుల్లో ఖాతాలో వేస్తారు. పదో రోజు సాయంత్రం అయిదింటికి కౌంటరు మూస్తారు.

ఇవాళ మంగళవారం. పదో రోజు.

"సెలవు పెట్టండి. ఇప్పుడే వెళ్లి రద్దు చేయించుకు వద్దాం" అంది.

"ఒంటిగంట దాకా రెండు భవనాలున్నాయి. అయ్యాక వస్తాను."

"అయిదింటికి మూసేస్తారు."

"వస్తానన్నాగా."

అత్తగారు తలుపు దగ్గరే నిలబడి వింటోంది. తన గది చేజారిపోతోందని అర్థమై ఇక ఉండబట్టలేక లోపలికి వచ్చింది. ఇంట్లో అందరూ పొద్దున లేచింది మొదలు యంత్రాల్లాగా తిరుగుతున్నారనీ, పెళ్లయిన పందొమ్మిదేళ్లలో మొగుడూ పెళ్లాలు ఒక్కసారైనా కలిసి ఊరు దాటింది లేదనీ, ఇన్నాళ్లకి వాడికి బుద్ధి పుడితే దాన్ని కూడా కాలరాస్తున్నావనీ కోడల్ని కడిగేసింది. చివర్లో, తను పోయాక ఆ పాయింట్లు ఎవరు వాడుకున్నా తనకి అభ్యంతరం లేదని కూడా చెప్పింది.

టైలరమ్మ కాగితాలు బల్ల మీద పరిచి, సుద్దముక్క తీసుకుంది.

ఆవిడకి ఒక పద్ధతి ఉంది. ఎవరు ఏ గుడ్డ తెచ్చినా వెంటనే కత్తెర పెట్టదు. నీళ్లలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేసి, మళ్లీ కొలుస్తుంది. మూడు మీటర్లు తెచ్చాను, మూడు మీటర్లే ఉంటుంది కదా, దీనికింత రాద్ధాంతమేమిటని విసుక్కునేవాళ్లుంటారు. అలాంటివాళ్ల ముందే టేపు పరిచి చూపిస్తుంది. మూడు మీటర్లు ఎప్పుడూ మూడు మీటర్లు ఉండదు. ఎంత మెరిసే గుడ్డయితే అంత ఎక్కువ కుంచించుకుపోతుంది.

పాయింట్లని కూడా అలాగే తడిపి ఆరేసింది. ఏడాదికి వెయ్యి పాయింట్లు. వెయ్యి పాయింట్లకి పది రాత్రులని హాల్లో చెప్పారట. నిజమే, పది రాత్రులే, నీలం రంగు వారాల్లో అయితే. ఎరుపు రంగు వారాల్లో రాత్రికి నాలుగు వందల పాయింట్లు. ఎరుపు వారాలంటే బడి సెలవులు, ఏడాది చివరి సెలవులు. లిఫ్టాయనకి సెలవు దొరికేదే ఆఫీసులన్నీ మూసి ఉండే ఆ ఎరుపు వారాల్లో. టైలరమ్మకి తినడానికి కూడా తీరిక దొరకనిది ఆ వారాల్లోనే, బడులు తెరిచేలోగా యూనిఫారాలన్నీ కుట్టివ్వాలి. పందొమ్మిదేళ్లుగా ఊరు దాటకపోవడానికి ఇంతకు మించిన కారణం లేదు. ఆ కారణం పోవడానికి కాగితంలో ఒక్క ముక్క కూడా లేదు.

సుద్దముక్కతో బల్ల మీద లెక్క వేసి చూపించింది.

"పది రాత్రులు తడిపితే రెండున్నరయ్యాయి."

అత్తగారు వంగి చూసింది. "అర రాత్రి అయ్యాక మనల్ని ఎక్కడికి పొమ్మంటారు?" అంది. ఆవిడకి అనుమానం రావడం అదే మొదటిసారి.

"అదీ కాక ఏటా నిర్వహణ ఖర్చు వేరే కట్టాలి. ఎంతో రాయలేదు. ఎప్పటికప్పుడు నిర్ణయించబడును అట. పాతికేళ్లు, అత్తయ్యా. వెళ్లినా కట్టాలి, వెళ్లకపోయినా కట్టాలి."

అంటూ అక్కడున్న నీళ్ల గ్లాసు అందుకుంది. అది చేతిలోకి వచ్చినట్టే వచ్చి జారి, నేల మీద పడి పగిలింది.

"ఈ నెలలో మూడోది" అంది అత్తగారు.

"తడి చెయ్యి."

లిఫ్టాయన అప్పుడు తల ఎత్తాడు. పొద్దుటి నుంచీ అన్ని మాటలన్నా ఎత్తనివాడు, గ్లాసు పగిలితే ఎత్తాడు. భార్య చెయ్యి తడిగా లేదని చూశాడు. జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీసి ఏదో రాసుకుని, మళ్లీ జేబులో పెట్టుకుని, చీపురు తెచ్చి గాజుముక్కలు ఊడ్చి, డ్యూటీకి వెళ్లిపోయాడు.

ఇక్కడ కొంప మునిగిపోతుంటే ఈయనకి లిఫ్టుల గొడవ అనుకుంది టైలరమ్మ. ఆ తర్వాత తలుపు వెనక్కి వెళ్లి, కుడిచేతి బొటనవేలినీ పక్కన రెండు వేళ్లనీ ఎడంచేత్తో గట్టిగా నొక్కి చూసుకుంది. వేరేవాళ్ల వేళ్లు నొక్కుతున్నట్టే ఉంది. ఆరు నెలలుగా అలాగే ఉంది. ఈ సంగతి ఎవరికీ తెలియదని ఆవిడ నమ్మకం. కత్తెర ఇప్పుడు రెండు చేతులతో పట్టుకుంటోంది. గుండీలు కుట్టే పని పక్కవీధి ఆవిడకి ఇచ్చేస్తోంది. డాక్టరు దగ్గరికి వెళితే కొన్నాళ్లు మిషను ముట్టుకోవద్దంటాడు, అంతకంటే కొత్తగా ఏం చెబుతాడు? ఈ సీజను గడిస్తే తర్వాత చూసుకోవచ్చు. అలా అనుకోవడం ఇది రెండో సీజను.

* * *

లిఫ్టాయన వచ్చేసరికి మూడున్నర దాటింది. బస్సులో పక్కపక్కనే కూర్చుని వెళ్లారు. కంపెనీ ఆఫీసు ఆరో అంతస్తులో ఉంది. లిఫ్టు ఎక్కగానే ఆయన అలవాటుగా అరచెయ్యి గోడకి ఆనించి, కళ్లు మూసుకుని, చప్పుడు విన్నాడు.

"ఎలా ఉంది?" అంది ఆవిడ, కోపం మరిచిపోయి. లిఫ్టు ఎక్కినప్పుడల్లా అడగడం ఆవిడకి అలవాటు.

"బాగుంది."

చప్పుడు బాగాలేకపోతే ఈయన ఏం చేస్తాడో ఆవిడ ఒకసారి చూసింది. పెళ్లయిన కొత్తలో ఎనిమిది అంతస్తుల ఆఫీసు భవనంలో మోటారు చప్పుడులో తేడా వచ్చిందని, రిజిస్టర్లో 'బాగాలేదు' అని రాసి, లిఫ్టు ఆపి, తాళంచెవి జేబులో వేసుకుని ఇంటికి వచ్చేశాడు. అది వాళ్ల ఉద్యోగంలో నియమం. బాగాలేదని రాశాక తాళం తీసుకోవాలి, బాగయ్యేదాకా ఎవరడిగినా ఇవ్వకూడదు. సాయంత్రానికి భవనం యజమాని గుమ్మం ముందుకొచ్చి వీధంతా వినబడేలా అరిచాడు. ఈయన లోపల కూర్చుని టీ తాగాడు. మూడు రోజులు తాళం ఇవ్వలేదు. నాలుగో రోజు మోటారు విప్పితే లోపల ఇరుసు సగానికి పైగా అరిగిపోయి ఉంది. ఆ రోజు ఈయన్ని చూసి ఆవిడ ఎంత మురిసిపోయిందో చెప్పలేం. అలాంటి మనిషి ఏడు కాగితాల దగ్గర ఇలా కళ్లు మూసుకున్నాడేమిటన్నది మింగుడు పడడం లేదు.

ఆఫీసులో మెత్తటి సోఫాలున్నాయి. టై కట్టుకున్న మనిషి ఒకాయన చిరునవ్వుతో వచ్చి, రెండు గ్లాసుల పళ్లరసం పెట్టించి, మేడమ్‌గారు రావడం చాలా సంతోషమన్నాడు. రద్దుకి వచ్చామంటే ఆ చిరునవ్వు చెక్కు చెదరలేదు. ఎందుకు, ఏమిటి, ఏ విషయంలో సందేహమని తీరిగ్గా కూర్చున్నాడు. గోడ గడియారంలో నాలుగూ పది.

టైలరమ్మ కూడా కూర్చుంది. సోఫాలో మరీ లోపలికి పోకుండా అంచునే కూర్చుంది. రెండున్నర రాత్రుల సంగతి అడిగింది.

ఆ అర రాత్రి వృథా పోదని టైమనిషి చెప్పాడు. మిగిలిన పాయింట్లు వచ్చే ఏడాదికి దాచుకోవచ్చు. లేదా వచ్చే ఏడాదివి ఇప్పుడే వాడేసుకోవచ్చు.

"వాడేసుకుంటే వచ్చే ఏడాదికి ఏముంటుంది?"

"ఆ పై ఏడాదివి వాడుకోవచ్చు మేడమ్."

"అంటే పాతికో ఏడాది మేం ఇంట్లో కూర్చుని నిర్వహణ ఖర్చు కడతామన్నమాట."

టైమనిషి నవ్వి, మేడమ్ చాలా సరదాగా మాట్లాడతారన్నాడు. ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. తను సరదాగా మాట్లాడడం లేదనీ, పన్నెండేళ్ల పిల్లకి గౌను కుట్టాలన్నా ఎంత గుడ్డ పడుతుందో ముందే చెప్పే పని తనదనీ, ఏటా ఎంత కట్టాలో కూడా చెప్పకుండా పాతికేళ్లకి కొలతలు తీసుకునే దర్జీని ఎక్కడా చూడలేదనీ అంది. ఆయన ఈసారి లిఫ్టాయన వైపు తిరిగాడు. సార్ ఆ రోజు ఎంత ఉత్సాహంగా చేరారో, ఏడు కాగితాల మీదా బాగుందని స్వయంగా రాసిన సభ్యుణ్ణి తన ఉద్యోగంలోనే చూడలేదని గుర్తుచేశాడు.

ఇద్దరూ లిఫ్టాయన వైపే చూస్తున్నారు. ఆయన పళ్లరసం ముట్టుకోలేదు.

"నేను పరీక్షించలేదు. ఊరికే రాశాను. నా పొరపాటు. రద్దు చేయండి" అన్నాడు.

పొద్దుటి నుంచీ ఆయన నోట వచ్చిన వాటిలో అదే పెద్ద మాట. టైలరమ్మకి ఊరట కలిగింది. ఈ ముక్క పొద్దునే అని ఉంటే ఇంత రక్తం ఉడికేది కాదు కదా అని కొత్తగా చిరాకు కూడా కలిగింది.

కౌంటరు దగ్గర కళ్లద్దాల అమ్మాయి ఒక ఫారం ఇచ్చింది. లిఫ్టాయన సంతకం పెట్టాడు. దాని కింద ఏమీ రాయలేదు. ఫారం వెనక్కి ఇవ్వబోతే ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపింది. సభ్యత్వంలో భార్య పేరు కూడా ఉంది కాబట్టి ఆవిడ సంతకం కూడా కావాలి.

"చేరేటప్పుడు నన్నెవరూ అడగలేదే" అంది టైలరమ్మ.

"చేరడానికి ఒకరు చాలండి. రద్దుకి ఇద్దరూ పెట్టాలి."

దీనికి కూడా కోప్పడే ఓపిక ఆవిడకి లేదు. పెన్ను తీసుకుంది. సన్నటి పెన్ను, నున్నగా ఉంది. వేళ్ల మధ్య ఉన్నదో లేదో తెలియలేదు, కళ్లతో చూసుకుంటూ పెట్టాల్సి వచ్చింది. సంతకం సగంలో పెన్ను పక్కకి జారి గీత పడింది. ఏసీ చల్లదనానికి చేతులు బిగుసుకుపోయాయంది.

ఆ అమ్మాయి గుర్తింపు కార్డు మీది సంతకంతో పోల్చి చూసి, కలవడం లేదంది. ఇంకో ఫారం ఇచ్చింది. రెండోసారి అక్షరాలు కొండెక్కి దిగాయి. మూడోసారి ఎడంచేత్తో కుడి మణికట్టు పట్టుకుని రాసింది. ఎవరో చిన్నపిల్ల పెట్టినట్టుగా వచ్చింది. నాలుగు ముప్పావు అయింది. టైమనిషి కాస్త దూరంలో నిలబడి, పోనీ మేడమ్ ఇంటికెళ్లి స్థిమితంగా ఆలోచించుకుని రేపు రావచ్చు కదా అన్నాడు. రేపు వస్తే పదకొండో రోజని ముగ్గురికీ తెలుసు.

లిఫ్టాయన తన జేబులోంచి పెన్ను తీసి ఇచ్చాడు. చెమట చేతికి జారకుండా దానికి లావుగా నల్లటి టేపు చుట్టి ఉంటుంది. దాంతో కాస్త నయంగా వచ్చింది. అయినా కలవలేదు.

"అమ్మా, మీరు సంతకం చేయలేని స్థితిలో ఉంటే వేలిముద్ర వేయవచ్చు. నిబంధన ఉంది" అంది ఆ అమ్మాయి. మర్యాదగానే అంది, గొంతు తగ్గించి మరీ అంది.

టైలరమ్మ మొహం పాలిపోయింది. పదకొండేళ్లుగా రోజూ పాతిక బిల్లుల మీద సంతకం పెట్టే మనిషి. ఆవిడ కుట్టిన కాలరు మీద కుట్టు ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో కనుక్కోవడం ఎవరి తరమూ కాదు. మొగుడి వైపు చూసింది. ఏదైనా అంటాడేమోనని చూసింది. అనకూడదనే చూసింది. ఆయన ఏమీ అనలేదు. గడియారం వైపు కూడా చూడలేదు.

సిరా డబ్బా ముందుకు వచ్చింది. బొటనవేలు అందులో అద్దింది. సిరా తడి కూడా ఆ వేలికి తెలియలేదు. ఫారం మీద నొక్కి, తీసి, చూసుకుంది. సాక్షిగా లిఫ్టాయన సంతకం పెట్టాడు. ఆ అమ్మాయి ముద్ర కొట్టి, తారీఖు వేసి, రసీదు చింపి ఇచ్చింది. నాలుగు యాభై ఆరు. శుక్రవారం సాయంత్రానికి ఖాతాలో పడుతుందని చెప్పింది.

* * *

లిఫ్టు వద్దంది టైలరమ్మ. మెట్ల మీదుగా దిగారు. ఆవిడ ముందు, ఆయన వెనక. ఆరు అంతస్తులు దిగేసరికి ఆవిడ లోపల కుదురుకున్న కోపమంతా మళ్లీ పైకి వచ్చింది. భవనం బయట వెడల్పాటి మెట్ల మీద నిలబడి ఆయన వైపు తిరిగింది.

"నాకొకటి చెప్పండి. అది నా దుకాణం గదికి దాచిన డబ్బని మీకు తెలీదా?"

"తెలుసు."

"మరిచిపోయారా?"

"లేదు. తెలిసే ఇచ్చాను."

ఏమీ చదవకుండా బుట్టలో పడ్డాడనుకుంది నిన్నటి నుంచీ. అమాయకుడని తిట్టుకుంది, మాటకారులకి దొరికిపోయాడని జాలి కూడా పడింది. ఇది అది కాదు.

"ఆ డబ్బు అక్కడ చిక్కుకుపోతే శనివారం గది పోతుంది. గది పోతే నువ్వు ఆగుతావు అనుకున్నాను. నాకు ఇంకో దారి కనబడలేదు."

"అడగొచ్చుగా. నోరుందిగా."

"అడిగాను. మొన్న చలికాలంలో అడిగాను. తడి చెయ్యి అన్నావు. తర్వాత ఇంకోసారి అడిగాను. సూది గుచ్చుకుంది అన్నావు."

జేబులోంచి నోటుపుస్తకం తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. ఎడంచేతిలో పెట్టాడు. అందులో ఒక్కో పేజీకి పైన ఒక్కో భవనం పేరు, లిఫ్టు నంబరు ఉన్నాయి. పేజీలు తిప్పింది. ఒక పేజీకి పైన 'ఇల్లు' అని మాత్రమే రాసి ఉంది. కింద తారీఖులు.

'కత్తెర రెండు చేతులతో.' 'గుండీలు కుట్టడం మానేసింది.' 'కప్పు.' 'నిద్రలో చెయ్యి విదిలిస్తోంది.' 'మిషను చప్పుడు ఆగి ఆగి వస్తోంది, మిషను బాగానే ఉంది.' 'కప్పు.' పాయింట్ల పథకంలో చేరిన ఆదివారం తారీఖు వేసి, ఒకే ఒక్క మాట: 'బాగాలేదు.' దాని కింద ఆయన సంతకం. ఆ కింద ఈ పొద్దుటి తారీఖు: 'గ్లాసు. చెయ్యి తడిగా లేదు.'

టైలరమ్మ రెండుసార్లు చదివింది. ఎవరికీ తెలియదనుకున్న ఆరు నెలలూ ఆ ఒక్క పేజీలో ఉన్నాయి. మొగుడు తనని ఇంతగా చూశాడని ఏడుపొచ్చింది. చూసి కూడా నోరు విప్పకుండా తన రెండేళ్ల కష్టాన్ని ఎత్తుకెళ్లి పరాయివాళ్ల చేతిలో పోశాడని ఆ ఏడుపులోనే కోపం వచ్చింది. నోటుపుస్తకం మూసి ఆయనకి తిరిగిచ్చేసింది.

"డబ్బు ముట్టుకోవడం నా తప్పు. ఒప్పుకుంటున్నాను. ఆపాలంటే తాళంచెవి తీసుకోవాలి గాని, భవనం ఖాళీ చేయించకూడదు. నాకా మాట అప్పుడు తోచలేదు."

చెయ్యి చాచాడు.

"శనివారం అడ్వాన్సు నేనే వెళ్లి కట్టి వస్తాను. గది ఎక్కడికీ పోదు. దుకాణం తాళంచెవి ఇలా ఇవ్వు. డాక్టరు చూసి బాగుందనేదాకా నా దగ్గరుంటుంది."

"సోమవారానికి నలభై యూనిఫారాలు ఇవ్వాలి. మాటిచ్చాను."

"తెలుసు."

"పిల్లలు బడికి ఏం వేసుకెళతారు?"

"తెలియదు" అన్నాడు. చాచిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

భవనం యజమాని గుమ్మం ముందు నిలబడి అరిచిన సాయంత్రం ఆవిడకి గుర్తొచ్చింది. ఆ రోజు ఈ మనిషి పక్కన కూర్చుని తను కూడా టీ తాగింది. తాళం ఇవ్వకండి అని మెల్లిగా చెప్పింది కూడా తనే.

భుజాన వేలాడుతున్న సంచిలో కుడిచెయ్యి పెట్టింది. టేపు, సుద్దముక్కలు, దారపు ఉండలు, అన్నింటి అడుగున తాళంచెవి. వేళ్లతో వెతికి పట్టుకుని బయటికి తీసింది. చేతిలో ఉన్నది తాళంచెవి కాదు, మిషనులో దారం చుట్టి పెట్టే బాబిన్. దాని చుట్టూ ఉన్న తెల్లదారానికి బొటనవేలి సిరా అంటుకుంది.

ఆయన ఆ బాబిన్ చూశాడు, చూడనట్టు రోడ్డు వైపు తిరిగాడు. చెయ్యి మాత్రం చాచే ఉంచాడు.

టైలరమ్మ బాబిన్ని సంచిలో పడేసి, ఈసారి ఎడంచెయ్యి పెట్టింది. తాళంచెవి వెంటనే తగిలింది. చల్లగా, పళ్లతో సహా తెలిసింది. దాన్ని సంచిలోనే గుప్పిట బిగించి పట్టుకుని, మెట్ల మీద అలాగే నిలబడిపోయింది.